కనిపించాడు, కానీ నేను చూడలేదు

"జనం మధ్యలో ఉండగా పాత ప్రేమ అనుకోకుండా ఎదురైతే మీరేం చేశారు? వెళ్ళి పలకరించారా?" అని అడిగారు. ఇలాంటి కథలు చాలా విన్నాను. అందరికీ కళ్ళూ కళ్ళూ కలుస్తాయి, కాలం ఆగిపోతుంది, చుట్టూ ఉన్న జనం మాయమైపోతారు. నా విషయంలో జనం ఎక్కడికీ పోలేదు. ఒకాయన నా కాలు తొక్కి మరీ వెళ్ళాడు. కళ్ళు కలవడం మాట దేవుడెరుగు, అసలు నేను అతని ముఖమే చూడలేదు.

పోయినేడాది తలనొప్పి వదలడం లేదని కంటి ఆసుపత్రికి వెళ్ళాను. నాది మైనస్ నాలుగున్నర. అద్దాలు తీస్తే జానెడు దూరం దాటి ఏదీ తేటగా కనపడదు. పవర్ చూశాక కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేసి, అరగంట కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. ఆ చుక్కలు వేయించుకున్నవాళ్ళకు తెలుస్తుంది, ముందు భగ్గున మండుతుంది, తర్వాత నీళ్ళు కారుతూనే ఉంటాయి. తుడుచుకోమని చేతిలో ఒక దూది ముక్క పెట్టారు. అద్దాలు బ్యాగులో పడేశాను. చూసినవాళ్ళెవరైనా ఈవిడకేదో పెద్ద కష్టమొచ్చిందనే అనుకుంటారు.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోనివ్వండి. చుక్కలు వేసి కూర్చోబెట్టిన వందమంది ముందు గోడ మీద ఎర్ర అంకెల బోర్డు ఒకటి పెట్టారు. టోకెన్ నంబరు దాని మీదే వస్తుందట, మనమే చూసుకుని లోపలికి వెళ్ళాలట. ఇదివరకు ఒక అమ్మాయి తలుపు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచేది. చెవులు పనిచేస్తే చాలు. కంటి ఆసుపత్రిలో బోర్డు పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, వాళ్ళకు ఒకసారి చుక్కలు వేసి అక్కడే కూర్చోబెట్టాలి.

నా పక్క కుర్చీలో ఒక పెద్దావిడ ఉంది. ఆవిడకూ చుక్కలు పడ్డాయి. కాసేపటికి నా చెయ్యి తట్టి అడిగింది.

"బోర్డు మీద ఎంతుందమ్మా?"

"నాకూ కనపడట్లేదండీ."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వుతో మాటలు కలిశాయి. శుక్లాల ఆపరేషన్ కోసం పరీక్షలట. "నీతో ఎవరొచ్చారు?" అంది. ఎవరూ రాలేదన్నాను. "చుక్కలేశాక ఒక్కదానివే ఎట్లా పోతావు? మా వాడు కౌంటర్ దగ్గరికెళ్ళాడు, వచ్చాక నిన్ను కింద దాకా దింపుతాడులే" అంది. వద్దండీ అన్నా వినలేదు. తర్వాత కొడుకు మీద చాడీలు మొదలుపెట్టింది. మురిపెంగానే. "ఈ ఆపరేషన్ ఇప్పుడొద్దురా, చలికాలం పోనీ అన్నాను. వింటేగా! చిన్నప్పట్నుంచీ అంతే. నా మాట ఒక్కటంటే ఒక్కటి విన్నవాడు కాదు. వాడికి ఏది తోస్తే అదే."

నేను ఊ కొడుతూ కూర్చున్నాను. మధ్యలో కళ్ళు తెరిచి చూస్తే హాలంతా నీళ్ళలో ముంచినట్టుంది. దీపాల చుట్టూ పెద్ద పెద్ద వలయాలు, మనుషులేమో రంగు మరకలు. ఆ మరకల్లోంచి ఒకటి కౌంటర్ వైపు నుంచి మా వరస వైపు కదిలింది. లేత నీలం చొక్కా, అంతవరకే తెలుస్తోంది. కానీ ఆ నడక!

కుడి పాదం కొంచెం బయటికి తిరిగి పడుతుంది. ఎడమ చెయ్యి ఊగదు. చంకలో పుస్తకం ఏదో జారిపోకుండా అదిమి పట్టుకున్నట్టు ఒంటికి ఆనించే ఉంటుంది, పుస్తకం లేకపోయినా సరే. కాలేజీలో మూడేళ్ళు నేను ఆ నడక వెనకే నడిచాను. పక్కన నడిస్తే ఎవరైనా చూస్తారని నాలుగడుగులు వెనక ఉండేదాన్ని. ముఖం కన్నా నడకే ఎక్కువ చూశానేమో. పదిహేడేళ్ళ తర్వాత కూడా ఒక్క క్షణం పట్టలేదు. ఇది మనసుకు తెలియడం అని నేను అనను. అది ఎవరో నాకు తోచేలోపే నా చెయ్యి దూదితో కళ్ళు గట్టిగా తుడిచేసింది. ఏడుస్తున్నట్టు కనపడకూడదని! అంత కంగారులోనూ నా టెన్షన్ దాని గురించే.

నడక చూసి మనిషిని పోల్చడమేంటి, కథలు చెబుతోంది అనేవాళ్ళకు ఒక సంగతి. 1977లో అమెరికాలో కటింగ్, కొజ్లోస్కీ అనే ఇద్దరు పరిశోధకులు స్నేహితుల కీళ్ళకు మెరిసే టేపు అంటించి, చీకటిలాంటి తెర మీద కదిలే చుక్కలు తప్ప ఇంకేమీ కనపడకుండా వాళ్ళ నడకను చిత్రీకరించారు. ముఖం లేదు, బట్టలు లేవు, జుట్టు లేదు. అయినా ఎవరు నడుస్తున్నారో ఆ స్నేహితులు గుర్తుపట్టగలిగారు. ప్రతిసారీ కాదు గానీ, గుడ్డిగా చెప్పేదానికన్నా బాగా ఎక్కువసార్లే. స్నేహితులకే అంత తెలిస్తే, మూడేళ్ళు వెనకాల నడిచినదానికి నూటికి నూరూ తెలుస్తుంది. ఈ విషయంలో నాతో వాదించకండి.

గుండె దడ వచ్చిందా అంటే వచ్చింది. కానీ దాన్ని ప్రేమ అనుకోకండి. మెట్టు మీద కాలు జారినా గుండె అంతే కొట్టుకుంటుంది, కంగారులో ఒంట్లో ఊరే అడ్రినలిన్‌కు రెండూ ఒకటే. పైగా కంటి చుక్కల్లో తరచుగా కలిపే ఫినైలెఫ్రిన్ అనే మందు కూడా అడ్రినలిన్ జాతిదేనని, కొందరికి దానివల్ల దడ రావచ్చని తర్వాత తెలిసింది. కాబట్టి ఆ రోజు దడలో అతని వాటా ఎంతో, చుక్కల వాటా ఎంతో ఇప్పటికీ తేల్చలేను.

అప్పుడు పక్కనున్న పెద్దావిడ, అడుగుల చప్పుడు పోల్చుకుందో ఏమో, తలెత్తి, "ఒరేయ్..." అని ఇంట్లో పిలిచే పేరుతో పిలిచింది. ఆ పేరు నాకు తెలుసు. బయట ఎవరికీ చెప్పొద్దని నాకొక్కదానికే చెప్పాడు, అందుకే ఇక్కడా రాయను.

"వస్తున్నానమ్మా" అన్నాడు. గొంతు కాస్త బరువెక్కింది.

పలకరించానా అని కదా అడిగారు. బ్యాగు పట్టుకుని లేచి, ఎదురొచ్చిన మోకాళ్ళన్నీ తగులుకుంటూ రెండో వైపు నుంచి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాను. అద్దంలో చూసుకుంటే నా ముఖమే నాకు సరిగ్గా కనపడలేదు. ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరకు జరిగితే రెండు పెద్ద నల్ల గుడ్లు తప్ప ఇంకేం లేవు. అక్కడ నిలబడ్డాక అప్పుడు తట్టింది, ఆవిడ అన్న మాట. నా మాట ఒక్కటంటే ఒక్కటి విన్నవాడు కాదు.

ఎందుకు విడిపోయామన్నది పెద్ద కథేం కాదు. "మా అమ్మ ఒప్పుకోవడం లేదు, ఆవిడ మాట నేను కాదనలేను" అన్నాడు. నేను నమ్మాను. పదిహేడేళ్ళు ఆ తల్లిని ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు. పాపం, నా చెయ్యి పట్టుకుని కింద దాకా దింపిస్తానన్న మనిషి! అసలు నా పేరైనా ఆవిడ చెవిన పడిందో లేదో. ఆ కోపమంతా ఇప్పుడు తీసి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అతని మీద పెడదామంటే అతని మీద ఎప్పుడో పోయింది.

వెళ్ళి మాట్లాడండి, క్లోజర్, అంటే పాత బాధకు ఒక ముగింపు, దొరుకుతుంది అని సలహా ఇచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. నేను అతనితో ఒక్క ముక్క మాట్లాడకుండానే ఇంత తెలిసింది, మాట్లాడి ఉంటే ఇంకెంత మోసుకుని వచ్చేదాన్నో. ఈ సలహాలకు తోడు ఒక వీడియో కూడా తిరుగుతుంటుంది. 2010లో న్యూయార్క్ మ్యూజియంలో మరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి ఎదుట వచ్చినవాళ్ళు మౌనంగా కూర్చుని వెళుతుంటారు, ఉన్నట్టుండి పాత ప్రియుడు ఉలాయ్ వచ్చి కూర్చుంటాడు, ఆమెకు నీళ్ళు తిరుగుతాయి. 1988లో చైనా గోడ మీద చెరో చివర నుంచీ నడిచొచ్చి విడిపోయిన జంట కదా, చూసినవాళ్ళందరూ కరిగిపోతారు. వీడియో పంపేవాళ్ళు ఆ తర్వాతిది చెప్పరు. ఉమ్మడిగా చేసిన కళాకృతుల హక్కుల విషయంలో ఉలాయ్ ఆమె మీద కేసు వేశాడు. 2016లో డచ్ కోర్టు అతనికి రెండున్నర లక్షల యూరోలకు పైగా చెల్లించమంది. నన్నడిగితే కన్నీళ్ళ వీడియో ఎవరు పంపినా తీర్పు కాపీ కూడా జతచేయాలి.

ఎంతసేపు లోపలున్నానో తెలియదు. బయటికొచ్చేసరికి మా వరసలో ఆ రెండు కుర్చీల్లో వేరేవాళ్ళున్నారు. నా నంబరు దాటిపోయింది. "ఎక్కడికెళ్ళారు మేడమ్, బోర్డు మీద వేశాం కదా" అని నర్సు నామీదే విసుక్కుంది. చివర్న మళ్ళీ కొత్త టోకెన్, ఇంకో గంట. చుక్కల ప్రభావం తగ్గుతోందని మళ్ళీ రెండు చుక్కలు.

రాత్రి మా ఆయనకు అంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే ఆవిడకు ఆపరేషన్ ఏ కంటికట?" అన్నాడు. అడగనే లేదు నేను.