కౌంటీ రోడియో క్వీన్ వేసవి ఎలా గడుస్తుంది: మా ఇంటి అనుభవం

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో చదువుకుంటున్న మీ అమ్మాయి వచ్చే ఏడాది కౌంటీ రోడియో క్వీన్ పోటీకి పేరు ఇస్తానంటోందనీ, కిరీటం దక్కితే ఆ వేసవి ఎలా ఉంటుందో తెలిసినవారు చెప్పాలనీ అడిగారు. రోడియో అంటే ఎద్దు సవారీ, గుర్రపు సవారీ, తాడుతో పశువులను పట్టడం వంటి పోటీలు జరిగే ఉత్సవం. ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) తరఫున దానికి ప్రతినిధిగా ఎంపికైన అమ్మాయే రోడియో క్వీన్. మా పెద్దమ్మాయి ఇదే రాష్ట్రపు ఉత్తర భాగంలో ఒక కౌంటీకి క్వీన్‌గా ఏడాది పనిచేసింది. గుర్రపు ట్రైలర్ నడిపే బాధ్యత ఎక్కువగా నాదే కావడం వల్ల దగ్గరుండి చూసినవే రాస్తున్నాను. మీ అమ్మాయికి వేదిక మీద నిలబడటం కన్నా గుర్రంతో గడపడం ఎక్కువ ఇష్టమైతే నిశ్చింతగా ప్రోత్సహించండి. కిరీటం మీదే మనసుంటే మాత్రం జూలై గడవడం చాలా కష్టమవుతుంది.

ఉత్తర కొలరాడోలో జూన్ చివరి నుంచి ఆగస్టు మొదటి వారాల వరకు తీరిక ఉండదు. గ్రీలీ ఊళ్లో జరిగే పెద్ద రోడియో ఉత్సవం, గ్రీలీ స్టాంపీడ్, జూలై మొదటి రోజుల వరకు సాగుతుంది. ఆ రోజుల్లో దేశమంతటా రోడియోలు ఒకేసారి జరిగి, గెలుచుకోగల సొమ్ము ఎక్కువగా ఉంటుంది కనుక ఆ వారాన్ని పోటీదారులు కౌబాయ్ క్రిస్మస్ అంటారు. జూలై చివర్లో సరిహద్దు అవతల వ్యోమింగ్‌లో, 1897లో మొదలైన షయన్ ఫ్రాంటియర్ డేస్ అనే మరో పెద్ద రోడియో వస్తుంది. ఆ తర్వాత సొంత కౌంటీ సంత. వీటి మధ్య చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆహ్వానాలు వస్తూనే ఉంటాయి. అతిథిగా వెళ్లిన క్వీన్ కూడా అక్కడ గుర్రమెక్కి పనిచేయవలసిందే.

కార్యక్రమం ఉన్న రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. గుర్రాన్ని కడిగి, దువ్వి, ట్రైలర్ ఎక్కించాలి. ఉదయం ఊరేగింపు, మధ్యాహ్నం పిల్లలతో మాటలు, సంతకాలు, సాయంత్రం రోడియో. ఆరంభ ప్రవేశంలో దౌడు తీస్తున్న గుర్రం మీద ఎడమచేత పగ్గాలు, కుడిచేత అభివాదం. లేదంటే రికాబు దగ్గర కర్రను ఆనించుకుని, గాలికి పటపటలాడే పెద్ద జెండా. ప్రేక్షకులు అంతగా గమనించని పని తరువాత ఉంటుంది. తాడు పోటీలు ముగిసిన ప్రతిసారీ దూడలను, ఎద్దులను అరీనా నుంచి బయటకు తోలడానికి చాలాచోట్ల క్వీన్లే సాయపడతారు. నా దృష్టిలో అసలైన గౌరవం అక్కడే దక్కుతుంది, ఎందుకంటే ఆ పని చక్కగా చేసే అమ్మాయినే నిర్వాహకులు మళ్లీ పిలుస్తారు. రాత్రి అందరూ వెళ్లిపోయాక జీను దింపి, గుర్రానికి నీళ్లు పెట్టి, కాళ్లు తడిమి చూసి, అప్పుడు ఇంటికి బయలుదేరాలి.

అన్నిటికన్నా కష్టమైనది పరాయి గుర్రం. దూరపు ఊళ్లకు సొంత గుర్రాన్ని తీసుకెళ్లడం ఎప్పుడూ కుదరదు. పశువులను సరఫరా చేసే గుత్తేదారు ఇచ్చే గుర్రం బాగా పనిచేసేదే అయినా, అది ఏ సైగకు ఎలా స్పందిస్తుందో మన పిల్లకు తెలియదు. పరిచయానికి కొద్ది నిమిషాలే దొరుకుతాయి. ఆ తర్వాత లౌడ్ స్పీకర్లు, దీపాలు, వేలమంది కేకలు. మా అమ్మాయి ఎక్కిన వెంటనే నడక, ఆపడం, వెనక్కి జరపడం వరుసగా పరీక్షించుకునేది. రికాబుల పొడవు తానే సరిచేసుకునేది. చలికాలమంతా రకరకాల గుర్రాల మీద సాధన చేయించిన గురువు చలవే అది. మీ అమ్మాయికి అటువంటి సాధన ఇప్పటినుంచే అవసరం.

కాగితాల పని తల్లిదండ్రులదే. కొలరాడోలో గుర్రాన్ని 75 మైళ్లకు మించి తరలించినా, రాష్ట్రం దాటించినా బ్రాండ్ తనిఖీ పత్రం (గుర్రం ఎవరిదో నిర్ధారించే కాగితం) ఉండాలి. వ్యోమింగ్ వెళ్లాలంటే పశువైద్యుడిచ్చే ఆరోగ్య ధ్రువపత్రం, గుర్రాలకు వచ్చే అంటు రక్తహీనత లేదని చెప్పే కాగిన్స్ పరీక్ష ఫలితం కూడా కావాలి. తేదీలు చూసుకుంటూ అన్నీ ఒకే ఫైలులో ఉంచండి.

మాట్లాడటం కూడా పెద్ద పనే. ఎద్దు మీద 8 సెకన్లు ఎందుకు నిలవాలో, 100 మార్కుల్లో సగం సవారీకీ సగం ఎద్దుకీ ఎందుకు వేస్తారో పిల్లలు అడుగుతారు. రోడియో ఎద్దుల్లో చాలావాటికి అమెరికన్ బ్రాహ్మన్ రక్తం ఉంది. ఆ జాతిని రూపొందించిన భారతీయ పశువుల్లో మన ఒంగోలు జాతి ఒకటి. మూపురం చూపించి ఆ సంగతి చెప్పేటప్పుడు మా అమ్మాయి ముఖంలో కనిపించిన గర్వం నాకెంతో సంతోషాన్నిచ్చింది. అయితే దూడను తాడుతో పట్టి కాళ్లు కట్టే పోటీ న్యాయమేనా అని అడిగేవారూ ఉంటారు. మా ఇంట్లోనూ ఆ చర్చ తీవ్రంగానే జరిగింది, నాకు ఆ పోటీ చూడటం ఈనాటికీ ఇబ్బందే. మైదానంలో పశువైద్యుడు ఉంటాడనీ, పశువుల రక్షణకు నిబంధనలు ఉన్నాయనీ ఆమె చెప్పగలిగేది. కానీ తాను నమ్మని మాట మాత్రం చెప్పవద్దని మేము కోరాము. మీరు కూడా ఈ విషయం ముందే మాట్లాడుకోండి.

దుస్తులు, టోపీలు, ఇంధనం కలిసి ఖర్చు గణనీయంగానే అవుతుంది. కొంతవరకు స్థానిక దుకాణాలవారు సాయం చేస్తారు. ఎండలో పొడుగుచేతుల చొక్కా తప్పదు కనుక నీళ్లు ఎక్కువ తాగించండి. మధ్యాహ్నాల్లో ఉరుములతో వడగళ్లు పడటం ఇక్కడ మామూలే, గుర్రాన్ని ఎక్కడ నిలపాలో చేరగానే చూసుకోండి. బడి ఆగస్టు మధ్యలో తెరుస్తారు, అందువల్ల ఆ నెల ఆహ్వానాలను ఎంచుకుని ఒప్పుకోవడం మంచిది.

పోటీకి పేరు ఇచ్చే ముందు ఈ వేసవిలో మీ కౌంటీ క్వీన్‌తో మాట్లాడి, ఒక రోజంతా ఆమెకు సహాయకురాలిగా ఉండేందుకు మీ అమ్మాయికి అనుమతి అడగండి. జీను దింపే వేళ వరకు ఉండనివ్వండి, మరునాడు మీ అమ్మాయి నిర్ణయం ఏమిటో అడగండి.