జబ్బు పడిన పెంపుడు పాముకు ఇంజెక్షన్ ఇప్పిస్తే కేసవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్‌లో ఉండగా బాల్ పైథాన్ (విదేశీ జాతి కొండచిలువ) తెచ్చుకున్నాడు. వాడిప్పుడు కెనడాలో ఉన్నాడు, పాము మా దగ్గరుంది. 2024లో కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో వాడి పేరునే రిజిస్టర్ చేయించాం. ఇంక్లూజన్ బాడీ డిసీజ్ (పాములకు వచ్చే వైరస్ జబ్బు) కావచ్చని, దానికి మందు లేదని డాక్టరు అన్నారు. ఐదు నెలలుగా ఏమీ తినలేదు. తల పైకెత్తి అలాగే ఉండిపోతుంది, వెల్లకిలా పడితే తిరగలేకపోతోంది. బాధ లేకుండా పోయేలా ఇంజెక్షన్ ఇప్పిద్దామంటే, ఐదేళ్లు జైలని మా మరిది భయపెడుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: అమ్మా, మీరు పంపిన వీడియో నేను పూర్తిగా చూడలేకపోయాను, పాములంటే నాకు భయం. మా గుమాస్తా చూసి చెప్పాడు, ముందు పెట్టిన ఎలుక పెట్టినట్టే ఉందని.

మీ మరిదిగారు చెప్పే ఐదేళ్లు జంతువులను చంపడం గురించిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌లోవి. కానీ అది వర్తించాలంటే ఎవరికో నష్టం కలగాలన్న ఉద్దేశమో, కలుగుతుందన్న ఎరుకో ఉండాలి. బాధ తప్పించడానికి సొంత పాముకు డాక్టరు చేత ఇంజెక్షన్ ఇప్పిస్తే ఎవరికి నష్టం? ఆ టెన్షన్ వదిలేయండి.

1960 నాటి జంతుహింస నిరోధక చట్టం సంగతి వేరు. దాని లెక్కలో మనిషి తప్ప ప్రాణమున్నదేదైనా జంతువే, పాముతో సహా. అయితే అది తప్పుపట్టేది చావును కాదు, అనవసరంగా పెట్టే బాధను. అంటే ఎలా చంపారన్నదే అడుగుతారు. ఫ్రీజర్‌లో పెడితే నిద్రలోనే పోతుందని ఎవరైనా చెబితే వినకండి. పాము మెదడు ఆక్సిజన్ అందకపోయినా చాలాసేపు బతికే ఉంటుంది, తల నరికినా వెంటనే స్పృహ పోదు. అందుకే పాములను చూసే డాక్టర్లు ముందు మత్తిచ్చి, తర్వాత ప్రాణం తీసే మందిస్తారు, గుండె నిజంగా ఆగిందో లేదో చూసుకుంటారు. రిజిస్టర్డ్ వెటర్నరీ డాక్టరు తప్ప ఇంకెవరి చేతా చేయించకండి.

ఇక కాగితాలు. 2022 సవరణ తర్వాత బాల్ పైథాన్ వన్యప్రాణి సంరక్షణ చట్టం నాలుగో షెడ్యూల్‌లోకి, అంటే అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉన్న జాతుల జాబితాలోకి వచ్చింది. 49ఎం సెక్షన్ కింద రిజిస్టర్ చేస్తే సరిపోదు, చనిపోయినా తెలియజేయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. రికార్డులో బతికున్న పాము ఇంట్లో కనిపించకపోతే, అమ్మేశారా అన్న అనుమానం మొదట వస్తుంది. కాబట్టి జబ్బేమిటో, ఎందుకు ఇంజెక్షన్ ఇవ్వాల్సి వచ్చిందో డాక్టరు చేత రాయించుకోండి, పోస్ట్‌మార్టం కూడా చేయించండి. రిజిస్ట్రేషన్ మీ పేరున లేదు. అబ్బాయి చేత ఒప్పుకోలు రాయించి, సంతకంతో స్కాన్ చేసి పంపమనండి. వాట్సాప్‌లో 'సరే అమ్మా' అంటే చాలదు.

ఇదంతా విదేశీ పాముకే. ఇది చదివి మన కొండచిలువను పెంచుకుంటున్నవారు ఎవరైనా ధైర్యం తెచ్చుకుంటారేమో, వద్దు. అది అదే చట్టంలో అత్యంత రక్షణ ఉన్న ఒకటో షెడ్యూల్ జంతువు, అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోవడమే నేరం. జాలితో చంపినా చట్టం దాన్ని వేటగానే చూస్తుంది, శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు. కోలుకోలేనంత జబ్బు పడినా 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతించాల్సిందే.

ఇప్పించాలా వద్దా అన్నది చట్టం చెప్పదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆరోగ్యంగా ఉన్న బాల్ పైథాన్ కూడా ఒక్కోసారి నెలల తరబడి తినదు, కాబట్టి తినకపోవడం ఒక్కటే చూసి నిర్ణయించకండి. వెల్లకిలా పడి తిరగలేకపోవడం మాత్రం చిన్న విషయం కాదు. మీ డాక్టరు 'కావచ్చు' అన్నారే గానీ, పరీక్ష చేయించినట్టు మీరు రాయలేదు. ముందు ఆ పరీక్ష చేయించండి, కావాలంటే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో ఇంకో అభిప్రాయం తీసుకోండి. రిపోర్టు అబ్బాయికి పంపి, వాడి కాగితం చేతికొచ్చాకే ఇంజెక్షన్‌కు రోజు ఖాయం చేసుకోండి.