పాత ఫోటోలో ఉన్న విమానం పేరు కనుక్కోవడం ఎలా?

పాత ఆల్బమ్‌లో రెండు జతల రెక్కల విమానం ఫోటో ఒకటి దొరికిందని, ఇమేజ్ సెర్చ్ ఒక్కోసారి ఒక్కో పేరు చెబుతోందని, అసలు పేరు తేల్చడం మామూలు మనిషికి సాధ్యమేనా అని అడిగారు. సాధ్యమే. పదేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా నేను చేస్తున్న పని ఇదే.

ముందు ఇమేజ్ సెర్చ్‌ని పక్కన పెట్టండి. నా అనుభవంలో అది మొత్తం ఆకారం చూసి, బాగా తెలిసిన విమానం పేరు ఒకటి చెప్పేస్తుంది. ఒకే కంపెనీ తీసిన అన్నదమ్ముల్లాంటి మోడళ్ల మధ్య తేడా పట్టాలంటే మన కళ్లే దిక్కు.

మొదట్లో నా చేతికొచ్చిన ఒక ఫోటో గురించి చెబుతాను. గడ్డి మైదానంలో ఆగి ఉన్న బైప్లేన్. ముందు సీట్లో ఒకాయన గాగుల్స్ నుదుటి మీదికి తోసుకుని నవ్వుతున్నాడు. రిజిస్ట్రేషన్ అక్షరాలకి అడ్డంగా ఇద్దరు నిలబడ్డారు, ఒక్కటీ కనబడదు. ముక్కు మీద సిలిండర్లు పొడుచుకు రాలేదు, అంటే ఇంజిన్ తలకిందులుగా బిగించిన రకం. డి హావిలాండ్ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ల టైగర్ మాత్ అని రాసి పెట్టుకున్నాను. ఆర్నెల్లు అదే నమ్మకం.

ఒకరోజు విమానాన్ని వదిలేసి ఆ నవ్వే మనిషిని చూస్తూ కూర్చున్నాను. ఆయన భుజానికి ముందు ఒక కడ్డీ, వెనక ఒక కడ్డీ, పై రెక్కని మోస్తున్నాయి. టైగర్ మాత్‌లో అలా ఉండే వీల్లేదు. అది శిక్షణ విమానం. ముందు సీట్లో ఉన్నవాళ్లు పారాచూట్‌తో సహా బయటపడాలంటే నెత్తి మీద ఏదీ అడ్డు ఉండకూడదని పై రెక్క మధ్యభాగాన్ని, దాన్ని మోసే కడ్డీలని సీటుకన్నా ముందుకి జరిపారు. అలా జరిపితే తూకం తప్పుతుంది కదా, అందుకని రెక్కల కొసల్ని వెనక్కి వాల్చారు. నా ఫోటోలో రెక్కలు తిన్నగా ఉన్నాయి. అది మాత్ మేజర్! కంపెనీ అదే, తలకిందుల ఇంజిన్ కూడా అదే తరహా. కానీ టైగర్ మాత్‌లు 8 వేలకు పైగా తయారైతే, వాటి పక్కన ఇవి చాలా కొద్ది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అదే సిలిండర్లు ముక్కు పైకి పొడుచుకొచ్చి ఉంటే, ఇంకా ముందుదైన జిప్సీ మాత్ వైపు వెళ్లాలి.

అప్పట్నుంచి ఒక పేరు తట్టగానే, అది కాదనడానికి ఫోటోలో ఒక్క ఆనవాలైనా ఉందేమో అని వెతకడం అలవాటు చేసుకున్నాను. మూడు ఇంజిన్లు, ముడతల రేకు కనబడగానే చాలామంది జర్మనీ వాళ్ల యుంకర్స్ 52 అనేస్తారు. ఫోర్డ్ ట్రైమోటార్‌దీ ముడతల రేకే. కాకపోతే ఫోర్డ్ రెక్క బాడీ పైన ఉంటుంది, పక్క ఇంజిన్లు దాని కింద కడ్డీలకి వేలాడుతుంటాయి. యుంకర్స్ రెక్క కింద ఉంటుంది, ఇంజిన్లు రెక్క ముందంచులోనే ఉంటాయి. రెక్క పైనే ఉండి, రేకు బదులు నున్నటి చెక్క రెక్క, గుడ్డ కప్పిన బాడీ కనబడితే ఫోకర్ వైపు చూడండి. యుంకర్స్ మీద స్పెయిన్ గుర్తో, ఫ్రాన్స్ గుర్తో ఉందని కంగారుపడొద్దు, ఆ దేశాల్లో కూడా వాటిని తయారు చేశారు.

కాలం తేల్చడానికి పెయింటు బాగా పనికొస్తుంది. జర్మన్ పౌర విమానాల మీద ‘డి’ తర్వాత అంకెలుంటే 1934కి ముందు, అక్షరాలుంటే ఆ తర్వాత. అమెరికా సైనిక విమానాల నక్షత్రం మధ్యలో ఉండే ఎర్ర చుక్కని 1942 మేలో తీసేశారు, పక్కన పట్టీలు 1943 మధ్యలో చేర్చారు. అయితే ఇది ఆ పెయింటు కాలం మాత్రమే, విమానం అంతకన్నా ఎన్నో ఏళ్లు పాతదై ఉండొచ్చు. ఫోటో వెనక పెన్నుతో రాసిన పేరునీ గుడ్డిగా నమ్మొద్దు. అది ఎన్నో ఏళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని రాసింది కావచ్చు.

ఇంకొకటి, నెగెటివ్ తిరగబడి ప్రింటైన ఫోటోలు కూడా ఉంటాయి. అక్షరాలు కనబడకపోతే పక్కనున్న మగవాళ్ల చొక్కాలు చూడండి. మామూలుగా వాళ్ల ఎడమచేతి వైపు గుండీల పట్టీ పైన ఉంటుంది. అందరికీ కుడి పట్టీయే పైన కనిపిస్తే ఫోటో తిరగబడినట్టే.

మీ ఫోటోని ఫోన్‌తో తీయకుండా 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కల వివరంతో) స్కాన్ చేయించండి, ముందూ వెనకా రెండూ. అంచులు కత్తిరించొద్దు. మూలన సగం కనబడే తోకో, షెడ్డు తలుపో దారి చూపించవచ్చు. స్కాన్ అయ్యాక మూడు సంగతులు రాయండి: సిలిండర్లు పైకి ఉన్నాయా కిందికా, పై రెక్కని మోసే కడ్డీలు ముందు సీటుకి ఎటువైపు ఉన్నాయి, రెక్కలు తిన్నగా ఉన్నాయా వెనక్కి వాలాయా. అవి తెలిస్తే ఇద్దరం కలిసి చూద్దాం.