స్కందగిరి ఎక్కిన అలవాటు హేమకుండ్‌కు సరిపోతుందా?

బెంగళూరులో ఉంటాం, ఇక్కడి స్కందగిరి, సావనదుర్గ కొండలు ఎక్కిన అలవాటుంది, అమ్మను తీసుకుని ఉత్తరాఖండ్‌లోని హేమకుండ్ సరస్సుకు వెళ్ళొచ్చా అని అడిగారు. వెళ్ళొచ్చండి. నేనూ ఇక్కడినుంచి మా అమ్మతోనే వెళ్ళాను, ఇద్దరం పైదాకా నడిచే ఎక్కాం. కాకపోతే మీ అలవాటు కాళ్ళకు పనికొస్తుంది, ఊపిరికి పనికిరాదు.

బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. స్కందగిరి పైకి ఎక్కినా 1,450 దగ్గరే ఆగుతాం. హేమకుండ్ 4,000 మీటర్లు దాటుతుంది. అంత ఎత్తులో ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్, సముద్రమట్టంతో పోలిస్తే నూటికి అరవై పాళ్ళు. జిమ్‌లో ఎంత కష్టపడినా ఇది మారదు, ఒంటికి టైమ్ ఇవ్వాల్సిందే.

అందుకే ఘంగరియాలో కనీసం రెండు రాత్రులు ఉండేలా ప్లాన్ చేసుకోండి. అది సరస్సుకు వెళ్ళే దారిలో 3,000 మీటర్ల పైన ఉన్న చిన్న ఊరు. చాలామంది సాయంత్రం అక్కడికి చేరి, మర్నాడు పొద్దున్నే సరస్సుకు బయల్దేరతారు. మేము మాత్రం మొదటి రోజు పూలలోయకు (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) వెళ్ళి, మరుసటి రోజు హేమకుండ్ ఎక్కాం. లోయ దారిలో ఎక్కుడు అంత ఉండదు, పైగా ఆ ఎత్తులో ఒక పగలంతా తిరిగినట్టవుతుంది. రెండోరోజు అమ్మ నడకలో తేడా నాకు స్పష్టంగా కనిపించింది. లోయ జూన్ నుంచి అక్టోబర్ దాకానే తెరిచి ఉంటుంది, అది చూసుకుని వెళ్ళండి.

ఘంగరియా నుంచి సరస్సుకు 6 కిలోమీటర్లే, కానీ ఆ కాస్త దూరంలోనే కిలోమీటరుకు పైగా ఎత్తు ఎక్కాలి. రాళ్ళు పరిచిన దారే అయినా వాన పడితే జారుతుంది. గుర్రాలు ఎదురొస్తే లోయవైపు నిలబడకండి, కొండవైపు ఒదిగి నిలబడండి. పైకి దగ్గరపడ్డాక మెట్ల అడ్డదారి ఉంది, కానీ అమ్మతో వెళ్తున్నారు కాబట్టి వంపుల దారే మేలు. మాట్లాడుకుంటూ నడవగలిగినంత నెమ్మదిగా ఎక్కండి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైందని అర్థం.

తలనొప్పితో పాటు వాంతులో, అడుగు తూలడమో మొదలైతే ఇక ఎక్కొద్దు, వెంటనే కిందికి దిగిపోండి. సరస్సు ఎదురుగా కనిపిస్తున్నా సరే. ఎత్తు పడక వచ్చే ఇబ్బందికి వాడే డయామాక్స్ లాంటి మాత్రలు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు, సల్ఫా మందులు పడనివాళ్ళైతే ఆ సంగతి ముందే చెప్పాలి. అమ్మగారికి బీపీ, గుండె జబ్బు ఉంటే టికెట్లు బుక్ చేయకముందే చూపించండి.

పైన సరస్సు దగ్గరి గురుద్వారా లంగర్‌లో (ఉచిత భోజనశాలలో) వేడి ఖిచిడీ, టీ పెడతారు. ఆ చలిలో అవి తాగి, తిని, పక్కనే ఉన్న లక్ష్మణుడి గుడి కూడా చూడండి. జులై, ఆగస్టుల్లో అయితే ఆ చుట్టుపక్కల బ్రహ్మకమలాలు పూస్తాయి. రాత్రి అక్కడ ఉండనివ్వరు, మధ్యాహ్నానికల్లా దిగడం మొదలెట్టాలి.

ఆ దిగడంలోనే మోకాళ్ళు పట్టేస్తాయి. దీన్ని మాత్రం ఇక్కడే సాధన చేయొచ్చు. నంది కొండకు మెట్లదారిలో ఎక్కి, నడిచే దిగండి. మీ అపార్ట్‌మెంట్‌లోనూ కొన్ని వారాలు లిఫ్ట్ మానేయండి, ముఖ్యంగా దిగేటప్పుడు. అమ్మగారినీ ఇప్పట్నుంచే అలవాటు చేయండి. అక్కడ ఆయాసం ఎక్కువైతే గుర్రం ఎక్కించడానికి మాత్రం మొహమాటపడకండి, రేటు ముందే మాట్లాడుకుంటే చాలు.