ఫోటో సైజు మార్చినప్పుడు మనుషులు సాగిపోయినట్టు కనిపించకుండా ఏం చేయాలి?

ఫోటో వెడల్పునూ ఎత్తునూ ఒకే నిష్పత్తిలో మారిస్తే అందులోని మనుషుల రూపం చెడదు. కావలసిన ఫ్రేము ఆకారం వేరైతే అదనంగా ఉన్న అంచులను క్రాప్ చేయాలే (కత్తిరించాలే) తప్ప ఫోటోను లాగి సరిపెట్టకూడదు. సాఫ్ట్‌వేర్ మనం ఇచ్చిన కొలతలకే పిక్సెళ్లను సర్దుతుంది కాబట్టి, అడ్డంగా ఒక లెక్కన, నిలువుగా మరో లెక్కన కుదిస్తే గుండ్రని ముఖం కోలగా మారిపోతుంది.

ఉదాహరణకు, 4000×3000 పిక్సెళ్ల ఫోటోను నేరుగా 1200×1200కు మారిస్తే వెడల్పు 30 శాతానికీ ఎత్తు 40 శాతానికీ తగ్గి, ముఖాలు వాటి ఎత్తుకు తగిన వెడల్పులో 75 శాతమే మిగులుతాయి. ముందు 3000×3000గా క్రాప్ చేసి, ఆ తర్వాత 1200×1200కు తగ్గిస్తే ఈ చిక్కే ఉండదు. గింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వెడల్పు, ఎత్తు గడుల పక్కన గొలుసు గుర్తు ఉన్నది ఆ రెండింటి నిష్పత్తి చెదరకుండా ఉంచడానికే. అంకెలు వేసే ముందు అది విడిపోయి ఉందేమో తప్పకుండా చూసుకోవాలి.

షిఫ్ట్ మీట నొక్కి మూలను లాగితే నిష్పత్తి ఎక్కడైనా నిలుస్తుందని చాలామంది అనుకుంటారు. అది పాత అలవాటు. ఫోటోషాప్ 2019 వెర్షన్ నుంచి, సైజు మార్చే ఫ్రీ ట్రాన్స్‌ఫార్మ్ సాధనంలో ఫోటోను మామూలుగా లాగితేనే నిష్పత్తి నిలుస్తుంది, షిఫ్ట్ నొక్కితే చెదిరిపోతుంది.