చివరి పేజీలో కదలొద్దు, అమ్మడూ

అమ్మడూ,

మీ కాలేజీ క్వార్టెట్‌లో, అంటే రెండు వయొలిన్లు, కాస్త పెద్ద వయొలా, ఇంకా పెద్ద చెల్లో ఉన్న మీ నలుగురి జట్టులో, పాతకాలపు ఆస్ట్రియా స్వరకర్త హైడన్ రాసిన ‘జోక్’ వాయిస్తున్నారని, నీకు సెకండ్ వయొలిన్ ఇచ్చారని మూతి ముడుచుకున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నేను పదకొండేళ్లు సెకండే వాయించాను, కాబట్టి ఈ విషయంలో నా మాట కాస్త విను.

ఆ పేరు చూసి మొదటి నుంచీ చిలిపిగా వాయించేద్దామనుకోకండి. అది ఆయన పెట్టిన పేరు కాదు, తర్వాత జనం తగిలించింది. 1781లో, దాదాపు పదేళ్లు క్వార్టెట్ల జోలికి పోకుండా ఎస్తర్‌హాజీ ప్రభువుల కొలువులో ఒపెరాలతో సతమతమయ్యాక, మళ్లీ ఆరు రాశాడు, అదే ఓపస్ 33 అనే సంపుటి, మీ ‘జోక్’ అందులోదే. కొనేవాళ్లకు రాసిన ఉత్తరాల్లో ఇవి కొత్త పద్ధతిలో ఉన్నాయని చెప్పుకున్నాడు. అది అమ్ముకోవడానికి అన్న మాటే అంటారు కొందరు. వాయించినవాడిగా నాకైతే నిజమే అనిపిస్తుంది. ఫస్ట్ వయొలిన్ పాడుతుంటే మిగతా ముగ్గురూ వంత పాడే బాపతు కాదిది, ఇప్పుడు నీ దగ్గర ఊరికే తోడుగా ఉన్న చిన్న ముక్క కాసేపటికి అసలు మాటై కూర్చుంటుంది. అందుకే నీ పార్టు ఒక్కటీ బట్టీ పడితే లాభం లేదు. నలుగురి పార్టులూ కలిపి ఉన్న స్కోరు ముందు పెట్టుకుని, వయొలా లైన్ నోటితో పాడుతూ నీది వాయించు. మొదటి వారం నరకంలా ఉంటుంది.

రెండో భాగం మధ్యలో ఫస్ట్ వయొలిన్ తీగ మీద వేలు జార్చాలి, పల్లెలో పెళ్లి బ్యాండులా. మీవాడు సిగ్గుపడి శుభ్రంగా వాయిస్తానంటే ఒప్పుకోకు. మూడో భాగాన్ని వయొలా, చెల్లో రెండే మొదలుపెడతాయి. మీ వంతు వచ్చాక వాళ్లకంటే అందంగా వాయించాలన్న ఆత్రం మాత్రం వద్దు.

ఇక చివరి పేజీ. గబగబా పరుగెత్తుతున్న పాట ఉన్నట్టుండి ఆగి, ఏదో గంభీరమైన విషయం చెప్పబోతున్నట్టు నెమ్మదిగా నాలుగు మాటలంటుంది. తర్వాత మళ్లీ మొదటి పల్లవే, కానీ నాలుగు ముక్కలుగా, ముక్క ముక్కకీ మధ్య రెండు బార్ల (మన తాళంలో ఆవర్తాల్లాంటివి) మౌనం. నాలుగో ముక్క అయ్యాక ఇంకా పొడుగాటి మౌనం. అయిపోయిందనుకుని జనం చప్పట్లకు చేతులెత్తుతారు, సరిగ్గా అప్పుడు మొదటి ముక్క మళ్లీ, గుసగుసగా. అంతే, అక్కడితో సరి. సగం వాక్యం చెప్పి లేచి వెళ్లిపోయిన మనిషిలా.

ఇక్కడే నేను పరువు తీసుకున్నాను. ఆ పొడుగు మౌనంలో హాల్లో ఎవరో చప్పట్లు మొదలుపెడితే నేనూ వయొలిన్ దించేశాను. మిగతా ముగ్గురూ ఆ చివరి ముక్క వాయిస్తుంటే నేను కమాను పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నాను. జనం నవ్వారు, కానీ హైడన్ జోక్‌కి కాదు.

కాబట్టి మౌనం కూడా స్వరమే అనుకుని లెక్కపెట్టు. కాలితో కాదు, లోపల. ఆ టైమ్‌లో పేజీ తిప్పొద్దు, పక్కవాళ్లని చూసి ముసిముసి నవ్వులు నవ్వొద్దు, కమాను తీగ మీదే ఉండనీ. చివరి ముక్క అయిపోయాక కూడా మూడు సెకన్లు అలాగే కూర్చోండి. చప్పట్లు ఆలస్యంగా వస్తాయి, టెన్షన్ పడకు.

వీడియో పంపు, చివరి పేజీ ముందు చూస్తా.

మీ పెదనాన్న