మా అబ్బాయి ఐస్ హాకీలో డిఫెన్స్‌మన్‌గా ఆడుతున్నాడు, గోల్స్ వెయ్యట్లేదు. డిఫెన్స్‌మన్ కెరీర్ అసలెలా ఉంటుంది?

మీరు రాసింది చదివా అండి. బాబుకి 11 ఏళ్ళు, ఇక్కడే మిషిగన్‌లో ఆడుతున్నాడు, నిన్నటిదాకా ఫార్వర్డ్, ఈ సీజన్ కోచ్ వాణ్ణి వెనక్కి లాగి డిఫెన్స్‌లో పెట్టాడు, గోల్స్ ఆగిపోయాయి, వాడు మొహం వేలాడేసుకుని ఇంటికొస్తున్నాడు, ఇందులో ముందుకెళ్తే ఏమన్నా ఉందా అని. నాలుగేళ్ళ క్రితం అచ్చంగా ఇదే బాధ మా ఇంట్లో. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకోండి.

ముందే చెప్తున్నా, నేను ప్లేయర్‌ని కాదు. గుంటూరులో పుట్టా, ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఐస్ అంటే చెరుకురసం బండి దగ్గర గోనెసంచిలో చూసిందే. 2007లో డెట్రాయిట్ పక్కన కార్ల కంపెనీలో కాంట్రాక్ట్ ఉద్యోగానికి వచ్చా. మా టీమ్‌లో రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డ ఓ పెద్దాయన ఉండేవాడు, వాళ్ళావిడకి జలుబు చేసి టికెట్ మిగిలిందని నన్ను జో లూయిస్ ఎరీనాకి, అంటే డెట్రాయిట్ హాకీ టీమ్ స్టేడియానికి, లాక్కెళ్ళాడు. ఇప్పుడది లేదు, కూలగొట్టేశారు. నది ఒడ్డున ఉండేది. లోపల స్వెటర్ మీద జాకెట్ వేసుకున్నా నాకు పళ్ళు కొట్టుకుంటున్నాయి, పైగా పక్ (వీళ్ళు బంతి బదులు ఆడే రబ్బరు బిళ్ళ) ఎక్కడుందో కంటికి ఆనట్లేదు. అది చూసి ఆయన, పక్‌ని వదిలెయ్, అదిగో ఆ 5వ నంబర్ చొక్కా, అతన్నొక్కణ్ణే చూడు అన్నాడు.

చూశా. ఓ పదిహేను నిమిషాలు చూశా. ఏమీ చెయ్యట్లేదండీ. నిజంగా. నిమ్మకు నీరెత్తినట్టు అటూ ఇటూ తిరుగుతున్నాడు, ఎవర్నీ గుద్దట్లేదు, అరవట్లేదు, పరిగెట్టట్లేదు. ఇంతలో అవతలి టీమ్ వాడొకడు పక్ తీసుకుని ఫుల్ స్పీడ్‌లో వచ్చాడు, ఇతను వాడికి ఎదురెళ్ళలా, వెనక్కి వెనక్కి స్కేట్ చేస్తూ ఒక చేత్తో స్టిక్ ముందుకి చాచి ఐస్‌కి ఆనించి ఉంచాడు అంతే. ఆ స్టిక్ ఉన్న వైపు దారి లేదు కాబట్టి వాడు గోడ వైపుకి జరిగాడు, ఇంకాస్త జరిగాడు, జరిగి జరిగి గోడ మూలకొచ్చేసరికి ఇక వాడికి పోవడానికి చోటే మిగల్లేదు, అప్పుడు ఇతను స్టిక్ కొసతో పక్‌ని చిన్నగా ఒక్క పోటు పొడిచి, తలెత్తి చూసి, మనవాడికి పాస్ ఇచ్చేశాడు. చప్పట్లు లేవు, ఏమీ లేవు. పెద్దాయన నన్ను మోచేత్తో పొడిచి చూశావా అన్నాడు. ఏంటి చూసేది అన్నా.

ఆయనే నిక్లస్ లిడ్‌స్ట్రోమ్. స్వీడన్ మనిషి.

నాకది ఎక్కింది మాత్రం కబడ్డీ గుర్తొచ్చాకే. మా ఊళ్ళో మూల నిలబడే కుర్రాడొకడు ఉండేవాడు, కూతకొచ్చినోడు ఎన్ని కుప్పిగంతులేసినా కదిలేవాడు కాదు, వాడంతట వాడే లోపలికి కాలు పెట్టేదాకా ఆగి అప్పుడు మడమ పట్టేవాడు. తొందరపడి దూకినోడు ఔటు. డిఫెన్స్‌మన్ పని కూడా అదే, ఎదుటివాడికీ తనకీ మధ్య దూరం చెడకుండా చూసుకోవడం. ఇది స్కోర్‌బోర్డు మీద పడదు, అందుకే పదకొండేళ్ళ పిల్లాడికి (వాళ్ళ నాన్నకి కూడా) అర్థం కాదు.

ఇప్పుడు కెరీర్ సంగతి. ఈయన్నే ఉదాహరణగా తీసుకోండి. 1989లో NHL (అమెరికా, కెనడాల పెద్ద హాకీ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకునే చోట, డెట్రాయిట్ వాళ్ళు తీసుకున్నారు, అదీ మూడో రౌండ్‌లో, 53వ వాడిగా. అంటే ఆ రోజు ఈయన కంటే 52 మంది ముందున్నారు. ఆ తర్వాత రెండేళ్ళు స్వీడన్‌లోనే వెస్టెరోస్‌లో ఆడుకుని 1991లో వచ్చాడు. వచ్చిన ఏడాది పక్కన బ్రాడ్ మక్రిమన్ అని ఓ సీనియర్ డిఫెన్స్‌మన్‌ని జత వేశారు, ఊళ్ళకెళ్తే హోటల్ రూమ్ కూడా ఆయనతోనే. కొత్తవాడికి పక్కన ముదురు వాణ్ణి పెట్టడం ఈ ఆటలో పాత పద్ధతి, డిఫెన్స్ జంటగా ఆడే పని కాబట్టి పక్కవాణ్ణి చూసే నేర్చుకోవాలి. ఇక ఏడాదికి బెస్ట్ డిఫెన్స్‌మన్‌కి ఇచ్చే నోరిస్ ట్రోఫీ ఈయనకి మొదటిసారి ఎప్పుడొచ్చిందనుకున్నారు? 2001లో. 31 ఏళ్ళకి! మన దగ్గర ఆ వయసుకి ఇక కుర్రాళ్ళకి చోటివ్వాలి అంటూ టీవీల్లో మొదలెడతారు. దానితో కలిపి మొత్తం 7 వచ్చాయి, చివరిది 2011లో, 41 ఏళ్ళప్పుడు. ఆ సీజన్ 82 మ్యాచ్‌లకి 82 ఆడాడు, కెరీర్‌లో తొలి హ్యాట్రిక్ (ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్) కూడా ఆ సీజన్‌లోనే. ఫార్వర్డ్ కాళ్ళ స్పీడ్ మీద బతుకుతాడు, డిఫెన్స్‌మన్ చూపు మీద బతుకుతాడు, ఆ చూపు కుదరడానికి ఏళ్ళు పడుతుంది. మీ వాడు ఏడాదిలో ఏమీ చూపించలేదని కంగారు పడకండి.

గుద్దడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా వాణ్ణి ఒక టీమ్ ట్రైఔట్‌లో వద్దన్నది ఆ పేరు మీదే, పిల్లాడు మెతక, మీద పడి ఆడట్లేదు అని కోచ్ అన్నాడు. ఆ రోజు కార్లో వాడు ఏడుస్తుంటే నాకు 1997 NHL ఫైనల్ (గెలిచినవాళ్ళకి స్టాన్లీ కప్ ఇస్తారు) గుర్తొచ్చింది. నేను ఇండియాలో ఉన్న రోజులు, కానీ పెద్దాయన ఆ కథ ఆఫీసులో కనీసం నాలుగుసార్లు చెప్పి ఉంటాడు. అవతల ఫిలడెల్ఫియా, అందులో ఎరిక్ లిండ్రోస్, ఆరడుగుల నాలుగంగుళాల కొండ. డెట్రాయిట్‌లో గుద్దుడుకి పేరు పడ్డ రష్యన్ డిఫెన్స్‌మన్ వ్లాదిమిర్ కాన్‌స్టాంటినోవ్ ఉన్నాడు, అతన్నే వదుల్తారని అందరూ అనుకుంటే కోచ్ స్కాటీ బౌమన్ లిడ్‌స్ట్రోమ్‌నీ లారీ మర్ఫీనీ పంపాడు, ఇద్దరూ గుద్దే రకం కాదు. కొండని ఢీకొనడం ఎందుకు, కొండ దగ్గరికి పక్ రానివ్వకపోతే సరిపోయె. నాలుగుకి నాలుగు మ్యాచ్‌లు డెట్రాయిట్ గెలిచింది, లిండ్రోస్ సిరీస్ మొత్తంలో ఒక్క గోల్ వేశాడు, అది కూడా చివరి మ్యాచ్ అయిపోవడానికి కొన్ని సెకన్ల ముందు.

ఇది చెప్పి రెండోది చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. ఆ కప్పు గెలిచిన ఆరు రోజులకి, జూన్ 13న, కాన్‌స్టాంటినోవ్ ఎక్కిన లిమోజీన్ చెట్టుకి గుద్దుకుంది. తలకి పెద్ద దెబ్బ, 30 ఏళ్ళకే ఆట ముగిసింది. మరుసటేడు మళ్ళీ కప్పు గెలిచినప్పుడు వీల్‌చైర్‌లో ఐస్ మీదకి తీసుకొచ్చి ఒళ్ళో కప్పు పెట్టారు. పెద్దాయన ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం కాఫీ కప్పులోకి చూస్తూ చెప్పేవాడు. ఇంకా వెనక్కెళ్తే బాబీ ఓర్, చాలామంది లెక్కలో అందరికంటే గొప్ప డిఫెన్స్‌మన్, మోకాళ్ళు పోయి ఆయన కూడా 30కే ఆపేశాడు. కాబట్టి లిడ్‌స్ట్రోమ్‌లా 20 సీజన్లు, 1564 మ్యాచ్‌లు, అన్నీ ఒకే టీమ్‌కి, ఇది మామూలు విషయం కాదు, లాటరీ లాంటిదే. అంత కెరీర్‌లో ఆయన పెనాల్టీ నిమిషాలు, అంటే తప్పు చేసినందుకు వేసిన శిక్ష సమయం, 514 మాత్రమే, నేను ఓసారి లెక్కేశా, మ్యాచ్‌కి 20 సెకన్లు పడింది.

2008లో కెప్టెన్‌గా కప్పు అందుకోవడం మాత్రం నేను టీవీలో చూశా, అప్పటికి నాకు బ్లూ లైన్ (ఐస్ మీద హద్దుగా ఉండే నీలం గీత) అంటే ఏంటో తెలుసు! మరుసటేడు ఫైనల్లో ఆఖరిదైన ఏడో మ్యాచ్, స్కోరు 2-1 పిట్స్‌బర్గ్‌కి, ఆఖరి రెండు సెకన్లలో పక్ ఈయన స్టిక్ మీదకే వచ్చింది, కొట్టాడు, గోల్‌కీపర్ ఫ్లూరీ అడ్డంగా దూకి ఛాతీతో ఆపేశాడు. అపార్ట్‌మెంట్‌లో పప్పుచారు అన్నం కలుపుకుని అలాగే కూర్చుండిపోయా, చెయ్యి ఎండిపోయింది.

సరే మీ వాడి సంగతి. మేం చేసింది చెప్తా, పనికొస్తే తీసుకోండి. గోల్స్ లెక్కపెట్టడం మానేశా. ఓ చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, మా వాడు మన గోల్ వైపు నుంచి పక్‌ని ఎన్నిసార్లు తిన్నగా మనవాళ్ళకి పాస్ ఇచ్చి బయటికి పంపాడు, ఎన్నిసార్లు కంగారుపడి ఊరికే గోడకేసి కొట్టాడు, ఈ రెండే గీతలు గీసేవాణ్ణి. మొదటి మ్యాచ్‌లో 3, 11. సీజన్ చివరికి చాలా మ్యాచ్‌లలో ఈ లెక్క తిరగబడింది, పాస్‌లే ఎక్కువయ్యాయి. కార్లో వాడే అడగడం మొదలెట్టాడు, నాన్నా ఇవ్వాళ ఎంత అని. ఇప్పుడు హైస్కూల్ జూనియర్ టీమ్‌లో ఆడుతున్నాడు, అంతకంటే పైకి వెళ్తాడని నాకేం భ్రమల్లేవు, ఖర్చు చూస్తే వెళ్ళకపోతేనే మేలనిపిస్తుంది ఒక్కోసారి, కిట్ ఒక ఎత్తైతే శని ఆదివారాల హోటళ్ళు ఇంకో ఎత్తు.

ఇంకో మాట, USA అంతా పిల్లల హాకీలో బాడీ చెకింగ్ (పక్ ఉన్నవాణ్ణి ఒంటితో గుద్దడం) 14 ఏళ్ళలోపు గ్రూప్ నుంచే ఒప్పుకుంటారు, మీ వాడికి ఇంకా టైముంది, ఈలోగా వెనక్కి స్కేట్ చెయ్యడం ఒక్కటి బాగా పట్టించండి. పబ్లిక్ స్కేటింగ్‌కి తీసుకెళ్ళి ఖాళీ మూలలో చేయించినా చాలు, ప్రైవేట్ కోచింగే అక్కర్లేదు.

వాడు స్టిక్ ఏ వైపు పడతాడో మీరు రాయలేదు. కుడి వైపు పట్టే డిఫెన్స్‌మన్లు ఎప్పుడూ తక్కువే ఉంటారు, ప్రతి కోచ్ వెతుక్కుంటాడు. మీ వాడిది కుడి అయితే కోచ్ వాణ్ణి వెనక్కి ఎందుకు మార్చాడో అదే కారణం కావచ్చు, ఓసారి అడిగి చూసి ఇక్కడే కామెంట్‌లో చెప్పండి.